రెండు నిలువుల లోతు

మా నాన్నగారికి బావి జ్వరం చూసే అలవాటు ఉండేది.

చిక్కడపల్లిలో మేం కిరాయికి ఉన్న ఇంటి పెరట్లో ఒక బావి. ఆదివారం పొద్దున్న కాఫీ కాగానే ఆయన ఒక ఇత్తడి చెంబులో థర్మామీటరు నిలబెట్టి, చెంబు మెడకి తాడు కట్టి, నెమ్మదిగా బావిలోకి దింపేవారు. చెంబు మునిగాక కాసేపు అలాగే ఉంచి, నీళ్ళతో సహా పైకి లాగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని పాదరసం ఏ గీత దగ్గరుందో చూసేవారు. మే నెలలో చూసేవారు, జనవరిలోనూ చూసేవారు. పక్క వాటాలో ఉండే ఇంటాయన వేపపుల్ల నములుతూ వచ్చి, "ఏంది సార్, బాయికి జరమొచ్చిందా? డాక్టర్ను పిలవాల్నా?" అని ఆటపట్టించేవాడు.

"రాదండీ. ఎప్పుడూ రాదు. నేను చూస్తున్నది అదే," అనేవారు నాన్నగారు, ఏమాత్రం నవ్వకుండా.

నాకు సిగ్గుతో తల తీసేసినట్టుండేది. అప్పుడు నారాయణగూడ కాలేజీలో చదువుతున్నాను. నా స్నేహితురాళ్ళు మా ఇంటికొచ్చినప్పుడే ఆయనకి బావి గుర్తుకొచ్చేది మరి! లోకంలో అందరి నాన్నలూ ఆదివారం పేపరు చదువుకుంటారు, మా నాన్నకే ఈ పిచ్చేమిటని అమ్మ దగ్గర గొణిగేదాన్ని. ఆ పిచ్చి ఇంత దూరం వస్తుందని, దాంట్లోంచి పుట్టిన గాలి మీదే నా మొదటి బిడ్డ బతకడం, బతక్కపోవడం ఆధారపడుతుందని అప్పుడు ఎవరికి తెలుసు?

నాన్నగారు ప్రభుత్వ కట్టడాల శాఖలో ఇంజనీరు. మాది కృష్ణా జిల్లా. రాష్ట్రం ఏర్పడ్డాక ఆఫీసులతో పాటు మేమూ హైదరాబాదు వచ్చాం. ఆయనకి రెండే రెండు విషయాలు గిట్టేవి కావు. ఒకటి అబద్ధం, రెండోది 'సుమారుగా' అన్న మాట. ఇంట్లో ఎవరైనా "సుమారుగా పదింటికి" అన్నారో, "పదింటికి ముందా, తరవాతా?" అని పట్టుకునేవారు. అమ్మ వంటలో "ఓ గుప్పెడు" అంటే ఎవరి గుప్పెడని అడిగేవారు. "నాదేలెండి, మీది కాదు. మీ గుప్పెట్లో పప్పు పడితే ఊరంతా తినాలి," అనేది అమ్మ. అమ్మ కూడా తక్కువదేం కాదు.

ఆవిడ గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. మా వైపు బంధువుల్లో పురుడు పోయడమంటే మా అమ్మే. ఆస్పత్రిలో కాన్పు అయినా సరే, తరవాత బాలింతని చూసుకోవడానికి అమ్మ రావలసిందే. చెవుల్లో దూది, తలకి గుడ్డ, నడుముకి బిగించి కట్టు, సాంబ్రాణి పొగ, వెల్లుల్లి కారం, గొంతు తడవడానికి మాత్రమే కాచిన నీళ్ళు. అన్నిటికంటే ముఖ్యం గాలి. బాలింతకి చలిగాలి తగిలితే సన్నిపాతం కమ్ముతుందని ఆవిడ నమ్మకం. నమ్మకం అంటే ఏదో ఊరికే కాదు. ఆవిడ అక్కగారొకావిడ పురిట్లోనే అలా పోయిందట, వానాకాలంలో, కిటికీ రెక్క ఊడిపోయిన గదిలో. అప్పటికి అమ్మకి పద్నాలుగో పదిహేనో ఏళ్ళు. ఆ కిటికీ ఆవిడ కళ్ళలోంచి ఎప్పుడూ పోలేదు.

మేం అశోక్ నగర్‌కి ఇల్లు మారిన ఏడాది, మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక లేడీ డాక్టరు మూడంతస్తుల కాన్పుల ఆస్పత్రి కట్టడం మొదలుపెట్టింది. ఆవిడా మా ప్రాంతపు మనిషే. నాన్నగారిని 'అన్నయ్యగారూ' అని పిలిచేది. ఒక సాయంత్రం మా ఇంట్లో కూర్చుని తల పట్టుకుంది.

"ఎండాకాలంలో వార్డులు ఏం చెయ్యాలో తోచడం లేదన్నయ్యగారూ. పాత చోట చూశాను కదా. ఫ్యాను వేస్తే పైనున్న వేడంతా దించి మొహాన కొడుతుంది. వట్టివేళ్ళ తడకలు కడితే తడపడానికి నీళ్ళేవీ? సినిమా హాళ్ళలో పెట్టే చల్లదనం మిషను పెట్టాలంటే ఆస్పత్రి అమ్ముకోవాలి."

"మిషను ఎందుకమ్మా? మీ స్థలం కిందే ఉంది," అన్నారు నాన్నగారు. ఇక మొదలుపెట్టారు. అన్నం వడ్డించి అమ్మ పిలుస్తూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నారు. ఆ మాటలు తరవాత ఎన్నిసార్లు విన్నానో! నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"చూడమ్మా, మూరెడు లోతు తవ్వితే అక్కడ ఎండా తెలుస్తుంది, చలీ తెలుస్తుంది. నడుం లోతులో కాస్త ఆలస్యంగా తెలుస్తుంది, అంతే. తెలియకపోవడం మాత్రం ఉండదు. అదే రెండు నిలువుల లోతుకి పోయామనుకో, ఇక ఏడాది పొడుగునా ఒకటే. అక్కడి మట్టికి మే నెలా తెలియదు, డిసెంబరూ తెలియదు. ఆ లోతున ఒక సొరంగం కట్టి, బయటి గాలిని దాంట్లోంచి నడిపించి, వార్డుల్లోకి తోశామంటే, ఎండాకాలం చల్లగా వస్తుంది. చలికాలం వెచ్చగా వస్తుంది. గాలిని తోసే పెద్ద ఫ్యానుకి అయ్యే కరెంటే ఖర్చు."

"చలికాలం వెచ్చగానా!" అంది డాక్టరమ్మ.

"అన్నం చల్లారిపోతోంది, దాన్ని ముందు వెచ్చగా తినండి," అంది అమ్మ వంటింట్లోంచి. ఆవిడకి ఈ గోలంతా బావి పిచ్చికి కొనసాగింపు. చెవిన వేసుకోలేదు.

డాక్టరమ్మ మాత్రం ఒప్పుకుంది. తవ్వకానికి పాలమూరు నుంచి వచ్చిన కూలీలు కుదిరారు. వాళ్ళ మేస్త్రీ, అతని భార్య అక్కడే గుడిసె వేసుకున్నారు. మా కృష్ణా జిల్లాలో పార దింపితే నల్లమట్టి వెన్నలా తెగుతుంది. ఇక్కడ కాస్త లోపలికి పోగానే మొరం, దాని కింద బండ. పొద్దస్తమానం సమ్మెట దెబ్బలే. నాన్నగారు ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్ళేవారు. టేపు గోతిలోకి జారవిడిచి చూసి, "ఇంకా రావాలి," అనేవారు.

"సార్, జర దయ చూపుండ్రి. నిలువున్నర అయింది, సాలదా? పైనించి ఎవలకు కనవడ్తది?" అని మేస్త్రీ మొత్తుకునేవాడు.

"కనపడక్కర్లేదు. గాలికి తెలుస్తుంది," అనేవారీయన. నెలల తరబడి ఆ బండ కొట్టించారు. రెండు నిలువులు దిగేదాకా వదల్లేదు. ఆయన మొండితనం ఎలాంటిదో చెప్పడానికే ఇదంతా.

సొరంగం ఆస్పత్రి పెరడంతా చుట్టి, ఆ స్థలంలో ముందునుంచీ ఉన్న పాత బావి పక్కనుంచి వచ్చి, భవనం కిందికి చేరేది. మనిషి వంగి నడవచ్చు. ఇటుక కట్టడం, లోపల సున్నం. అక్కడి నుంచి గోడల్లోంచి పైకి గాలి దారులు, ప్రతి గదిలోనూ నేలకి జానెడు ఎత్తున ఒక ఇనుప జాలీ. కింద గదిలో పెద్ద ఫ్యాను తిరుగుతుంటే ఆ జాలీల్లోంచి గాలి మెల్లగా వచ్చేది. మొదటి ఎండాకాలం నేనూ చూశాను. బయట తారు రోడ్డు కాలికి అంటుకుంటోంది. లోపలికి అడుగు పెడితే, మబ్బు పట్టిన సాయంత్రంలా ఉంది. డాక్టరమ్మ నాన్నగారి చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన జాలీ దగ్గర గొంతుక్కూర్చుని చెయ్యి పెట్టి, థర్మామీటరు చూసుకుని, "ఇంకొంచెం రావాలి," అన్నారు. ఆయనతో సంతోషపడడం కూడా కష్టమే.

తవ్వకం అయ్యాక మేస్త్రీ భార్యని డాక్టరమ్మ ఆయాగా పెట్టుకుంది.

ఇక నా సంగతి. అరవై తొమ్మిదిలో నేను తొలిచూలు కాన్పుకి పుట్టింటికి వచ్చాను. నా భర్తకి విజయనగరంలో ఉద్యోగం. ఆ ఏడు హైదరాబాదు ఎలా ఉండేదో ఆ రోజుల్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలంగాణ ఉద్యమం. కాలేజీలు లేవు, బళ్ళు లేవు, ఏ రోజు బస్సు నడుస్తుందో ఏ రోజు కర్ఫ్యూనో తెలియదు. కోస్తా నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళు వీధిలో గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. నల్లకుంటలో కూరగాయలకి వెళ్ళి నోరు తెరిస్తే యాస పట్టేస్తారని అమ్మ వేలితో చూపించి కొనుక్కొచ్చేది.

రోహిణి కార్తెలో నాకు కాన్పయింది. ఆడపిల్ల. కాస్త నెలలు నిండకుండా వచ్చింది గానీ గొంతు మాత్రం గట్టిది. బొటనవేలు పిడికిట్లో దాచుకుని పుట్టింది. నాన్నగారు గుమ్మం అవతలి నుంచే చూశారు. మాకు పురిటి మైల పట్టింపు. పదకొండో రోజు స్నానం దాకా మగవాళ్ళు ఆ గదిలోకి రాకూడదు. డాక్టరమ్మ ఇవన్నీ చాదస్తాలని నవ్వేది. అమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని కాపలా కాసేది.

ఆ గదిలో జాలీ నా మంచం తలవైపు, గోడ మూలకి ఉంది. నేను చూడాలంటే తల తిప్పాలి. తల తిప్పడానికి వీల్లేకుండా అమ్మ గుడ్డతో బిగించి కట్టేసింది.

అమ్మా ఆయా కలిసింది అక్కడే. బయట ఊళ్ళో రెండు ప్రాంతాల మనుషులూ ఒక బల్ల మీద కూర్చోలేరని అందరూ అంటున్న రోజుల్లో, ఈ ఇద్దరికీ ఒక్క విషయంలో ఎంత పొత్తు కుదిరిందో! నేను నిద్రలో ఉన్నప్పుడు వాళ్ళు మాట్లాడుకున్నదంతా ఆయా తరవాత నాకు ఏడుస్తూ చెప్పింది.

"గీ గాలి మంచిగుండదమ్మా. భూమిలకెల్లి వస్తది. ఎండ సొరని జాగ అది. నా మొగడే తవ్విండు గద, నాకెర్క. బాలింతకు తగిలిందంటే వాతం కొడ్తది," అందట ఆయా.

"నాకూ మొదటి నుంచీ మనసు ఒప్పడం లేదే. పాతాళంలోంచి వచ్చే చలి. ఆయనకి చెబితే వింటారా? లెక్కలు చెబుతారు," అందట అమ్మ.

అంతే. అమ్మ తన పాత నేత చీరలు రెండు ఇచ్చింది, ఆయా ఒక దుప్పటి తెచ్చింది. ఇద్దరూ కలిసి మడతలు పెట్టి జాలీలోకి కుక్కారు. ముందు ఒక పెట్టె జరిపారు. కిటికీలు ఎలాగూ బిగించే ఉన్నాయి. మూలన సాంబ్రాణి కుంపటి. పాపకి నూనె పట్టించి, మూడు గుడ్డలు చుట్టి, టోపీ పెట్టి నా పక్కన పడుకోబెట్టారు. నాకు పాలు ఇంకా పడలేదు. ముర్రుపాలు పిల్లకి అరగవని అమ్మ పిండించేసింది. ఆ రోజుల్లో అందరూ చేసే పనే.

నాకు ఒళ్ళు మండిపోయేది. చెమటకి పరుపు తడిసిపోయేది. దాహం వేస్తోందంటే రెండు గుటకలు వేడి నీళ్ళు. బాలింతరికం అంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. ఎవరికి తెలుసు, మొదటి కాన్పు కదా.

గొడవల మూలాన ఆ రెండు రోజులూ డాక్టరమ్మా నర్సులూ ఆస్పత్రికి రాలేకపోయారు. సాయంత్రం నాన్నగారు మాత్రం వచ్చి గుమ్మం అవతల నిలబడేవారు. ఆస్పత్రిలో మిగతా గదులన్నిటికీ వెళ్ళి జాలీల దగ్గర చెయ్యి పెట్టి చూసుకొచ్చిన మనిషి, కన్నకూతురి గదిలోకి మాత్రం రాకూడదు. అక్కడి నుంచే అడిగేవారు.

"గాలి బాగా వస్తోందా?"

"వస్తోంది, వస్తోంది. మీరు వెళ్ళి భోంచెయ్యండి," అనేది అమ్మ.

మూడో రోజు తెల్లారేసరికి పాప ఏడవడం మానేసింది. నోరు తెరుస్తోంది గానీ శబ్దం రావడం లేదు. పెదాలు ఎండిపోయాయి. ముట్టుకుంటే పెనం. అమ్మ దిష్టి తీసింది. ఆయా డాక్టరమ్మకి కబురు చెయ్యడానికి పరిగెత్తింది. ఆ రోజు బంద్. డాక్టరమ్మ ఇల్లు గాంధీనగర్ దగ్గర. రిక్షా దొరక్క, దారిలో రెండు చోట్ల ఆపితే బతిమాలుకుని, నడిచి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ గది ఇంత వేడిగా ఉందేమిటి?"

 ఆవిడ గబగబా వచ్చి పాప మీది గుడ్డలన్నీ ఊడదీసింది. కిటికీలు తెరిచింది, అటు నుంచి వడగాలి కొట్టింది, మళ్ళీ మూసింది. జాలీ వైపు చూసింది. పెట్టెని కాలితో తోసింది. వంగి, ఆ చీరలు పట్టుకుని లాగింది. ఒక చీర, ఇంకో చీర, దుప్పటి. గోడలోంచి గాలి ఒక్కసారిగా వచ్చింది. చల్లగా, నా మొహానికి తగిలింది. ప్రాణం లేచొచ్చినట్టయింది నాకు. అప్పుడు తెలిసింది నాకు, ఈ రెండు రోజులూ మేం ఎక్కడున్నామో.

"ఎవరు చేశారిది?" అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు.

అమ్మ కింద కూర్చుండిపోయింది. ఆయా తలుపు వెనక్కి పోయింది. డాక్టరమ్మ తడిగుడ్డతో పాప ఒళ్ళు తుడుస్తూ, చెంచాతో ఒక్కొక్క చుక్క నీళ్ళు పోస్తూ కూర్చుంది. సూది వేసింది. మధ్యాహ్నానికి పాపకి ఫిట్స్ వచ్చాయి. సాయంత్రం నాన్నగారు వచ్చే వేళకి ప్రాణం పోయింది. పిడికిలి మాత్రం అలాగే ఉంది, బొటనవేలు లోపల పెట్టుకుని.

వేడి వల్లేనని నూటికి నూరుపాళ్ళు చెప్పలేనంది డాక్టరమ్మ. నెలలు నిండని పిల్ల, లోపల ఇంకేమైనా ఉండి ఉండొచ్చు అంది. ఆవిడ మంచి మనిషి. ఆ మాట అమ్మకి వినపడేలా రెండుసార్లు అంది.

నాన్నగారు ఆ రోజు మైల చూడలేదు. లోపలికి వచ్చారు. నేల మీద కుప్పగా పడున్న చీరలు చూశారు. అవి ఏ చీరలో ఆయనకి తెలుసు. జాలీ వైపు చూశారు, అమ్మ వైపు చూశారు.  ఆ చీరలు తీసి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టారు. తిట్టినా బాగుండేదని అమ్మ చాన్నాళ్ళకి అంది.

మాలో పసిపిల్లల్ని దహనం చెయ్యరు, పూడుస్తారు. కర్ఫ్యూ పెట్టే లోపల తీసుకెళ్ళాలి. నాన్నగారు పాపని పంచెలో చుట్టుకుని భుజాన వేసుకున్నారు. మేస్త్రీ పార, గడ్డపార పట్టుకుని, "నేను వస్త సార్. నేను తవ్వుత," అని వెనకాలే నడిచాడు. అంబర్‌పేట వైపు వెళ్ళారు, నడిచే. నేను వెళ్ళలేదు. బాలింతని కదా.

అక్కడ జరిగింది మేస్త్రీ తన భార్యకి చెబితే, ఆమె నాకు చెప్పింది. మేస్త్రీ తవ్వుతుంటే నాన్నగారు గట్టున నిలబడి, "ఇంకొంచెం," అంటూనే ఉన్నారట. పసిపిల్లకి అంత లోతు అక్కర్లేదని తెలిసీ మేస్త్రీ ఎదురు చెప్పలేదట. నడుం లోతు రాకముందే బండ తగిలింది.

"సార్, బండొచ్చింది. సమ్మెట తెమ్మంటరా?" అని అడిగాడట. గుడిసెకి పోయి తెస్తానన్నాడట. నిజంగానే తెచ్చేవాడు.

సొరంగం కోసం నెలల తరబడి బండ కొట్టించిన మనిషి, ఆ బండ వైపు కాసేపు చూసి, "వద్దు. చాలు," అన్నారట.

నాకు అమ్మ మీద కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. ఆవిడ మొహం చూస్తే ఒళ్ళు మండిపోయేది. ఆవిడకి తెలియక చేసిందని అందరూ నాకు చెప్పేవాళ్ళే. తెలియకపోవడమేమిటి? ఇంట్లో మొగుడు ఏళ్ళ తరబడి నెత్తీనోరూ కొట్టుకుని చెబుతుంటే, అన్నం చల్లారిపోతోందని ఊరుకుంది! ఆ మాట ఆవిడ మొహాన్నే అన్నాను.  అంత మాటకారి మనిషి నోరు పడిపోయింది. వర్షాలొచ్చాయి, రైళ్ళు నడిచాయి, నేను విజయనగరం వెళ్ళిపోయాను. ఉత్తరాలు నాన్నగారికి రాసేదాన్ని. చివర్లో అమ్మకి నమస్కారాలని కూడా రాసేదాన్ని కాదు.

డిసెంబరులో మా పిన్ని కూతురికి కాన్పు, అదే ఆస్పత్రిలో. పిన్ని పట్టుపట్టి నన్ను పిలిపించింది. తల్లీకూతుళ్ళు ఇలా ఉండిపోతే ఎలాగని ఆవిడ బాధ. అమ్మని కూడా పురుటి పనికి రమ్మంది. అమ్మ రానంది. "నా చేత్తో ఇంకెవరికీ చెయ్యను," అంది. పిన్ని ఏడ్చి, చివరికి పెద్ద ఒట్లు పెట్టి ఒప్పించింది.

కాన్పయిన మర్నాడు పొద్దున్నే నాన్నగారు, అమ్మ, నేను ముగ్గురం నడుచుకుంటూ వెళ్ళాం.  మంచు పట్టి వీధి చివర కనపడడం లేదు. పాలవాడు మఫ్లరు చుట్టుకుని సైకిలు తోసుకుంటూ పోతున్నాడు. అమ్మ శాలువా తల మీదుగా కప్పుకుంది, అయినా పళ్ళు కటకటలాడుతున్నాయి. ఆవిడకి చలంటే మొదటి నుంచీ పడదు.

పిన్ని కూతురి గది వేరు, పై అంతస్తులో. నాన్నగారు అలవాటుగా గుమ్మం అవతల ఆగిపోయారు. లోపల ఆయా నేల తుడుస్తోంది. అమ్మని చూసి లేచి నిలబడింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, తల దించుకున్నారు. అమ్మ పసిపిల్లని చూసింది. ముట్టుకోలేదు. తరవాత ఆవిడ కళ్ళు గోడ వెంబడి కిందికి పోయాయి, జాలీ దగ్గరికి. ఎందుకో మెల్లగా వెళ్ళి దాని ముందు కూర్చుంది. చెయ్యి చాచింది.

వెంటనే వెనక్కి లాక్కుంది. మళ్ళీ పెట్టింది.

"ఇదేమిటే, వెచ్చగా వస్తోంది?" అంది నా వైపు తిరిగి. మే నెల తరవాత ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

 ఆవిడ గుమ్మం వైపు తిరిగింది. "ఏవండీ, చలికాలం అని దీనికి పొయ్యి లాంటిదేమైనా పెట్టించారా?"

"లేదు," అన్నారు నాన్నగారు. "అదే గాలి."

"అదే అంటే?"

"మే నెలలో వచ్చిందే. అక్కడ మారదు. బయట మారుతుంది."

అమ్మ ఇంకో చెయ్యి కూడా పెట్టింది. శాలువా జారిపోయింది, సర్దుకోలేదు. "అయితే ఇది చల్లగాలి కాదా? నేను చలిగాలనే కదా..." అని ఆగిపోయింది. ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. అమ్మ వీపు వణకడం చూశాను. అది చలికి కాదు. అంతకుముందు ఏడు నెలలూ ఆవిడ ఎవరి ఎదుటా ఏడవలేదట, ఏడిచే హక్కు లేదనుకుందో ఏమో.

చాలాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది.

"ఏవండీ. మరి పాప దగ్గర కూడా ఇలాగే ఉంటుందా? ఈ చలికి... అక్కడ కూడా ఇలా వెచ్చగానే ఉంటుందాండీ?"

నేను నాన్నగారి వైపు చూశాను. ఏ లోతులో మట్టికి చలి తెలుస్తుందో, ఏ లోతులో తెలియదో ఆ ఊళ్ళో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అంబర్‌పేటలో బండ ఎక్కడ తగిలిందో కూడా ఆయనకి తెలుసు. గట్టున నిలబడి చూసింది ఆయనే కదా. ఆయన కళ్ళజోడు తీశారు. పంచె అంచుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఉంటుంది," అన్నారు. కాసేపాగి, "సుమారుగా ఇలాగే ఉంటుంది," అన్నారు.

ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

అమ్మ తల ఊపింది. జాలీ మీంచి చేతులు తియ్యలేదు. నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, జారిపోయిన శాలువా తీసి కప్పి, నా చెయ్యి కూడా అక్కడే పెట్టాను.